పదాల అస్పష్టత – నేర నిర్వచనం: సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 66ఎ అనుభవం

వ్యాస సంగ్రహం:

అంతర్జాలంలో వెలువడే మాటను నేరంగా పరిగణించడానికి చట్టం ఏ కొలమానాన్ని వాడాలి అన్న ప్రశ్న గత రెండు దశాబ్దాలుగా న్యాయస్థానాలనూ, పౌరసమాజాన్నీ ఆలోచింపజేస్తోంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లో 2008 నాటి సవరణ ద్వారా చేరిన సెక్షన్ 66ఎ ఈ ప్రశ్నకు కేంద్రబిందువుగా నిలిచింది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో ఈ నిబంధనను కొట్టివేసింది. నిబంధనలోని పదజాలం, దాని పూర్వచరిత్ర, తీర్పులోని తర్కం, తీర్పు తరువాత కూడా ఆ నిబంధన వాడుకలో మిగిలిపోయిన తీరు, అదే సమస్య కొత్త రూపాల్లో తిరిగి తలెత్తిన సందర్భాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

కీలక పదాలు: సెక్షన్ 66ఎ, భావప్రకటనా స్వేచ్ఛ, సహేతుక ఆంక్షలు, అస్పష్టత, మధ్యవర్తి సంస్థలు, అధిక్షేపం.

1. ఉపోద్ఘాతం

మాటను మోసుకెళ్లే సాధనం మారిన ప్రతిసారీ చట్టం ఆ సాధనం వెంట పరుగెత్తింది. అచ్చుయంత్రం వ్యాపించినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 1867లో ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టాన్ని తెచ్చి, ప్రతి పుస్తకం మీద, పత్రిక మీద ముద్రించినవారి పేరు ఉండాలని శాసించింది. రాత ఎవరిదైనా, దాన్ని లోకంలోకి పంపినవారు కూడా జవాబుదారులే అన్న భావన ఆనాటిది. 1908లో బెజవాడ నుంచి వెలువడిన 'స్వరాజ్య' పత్రికలోని రచనకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహ నేరం కింద జైలుపాలయ్యారు. పత్రిక ప్రచురణకర్త కూడా ఆ శిక్ష నుంచి తప్పించుకోలేకపోయారు. తెలుగునాట మాటకూ చట్టానికీ మధ్య జరిగిన సంఘర్షణలో అదొక తొలి ఘట్టం.

అచ్చు కాలంలో రాసేవారు కొద్దిమంది, చదివేవారు ఎక్కువమంది. అంతర్జాలం ఈ తేడాను చెరిపివేసింది. చేతిలో ఫోను ఉన్న ప్రతి వ్యక్తీ ఏకకాలంలో రచయిత, ప్రచురణకర్త, పంపిణీదారు కాగలిగాడు. దీనివల్ల ఒకప్పుడు సంపాదకులకూ రాజకీయ నాయకులకూ మాత్రమే ఎదురైన కేసులు, అరెస్టులు సాధారణ విద్యార్థికీ ఉద్యోగికీ కూడా ఎదురయ్యే పరిస్థితి ఏర్పడింది. సెక్షన్ 66ఎ చరిత్ర ఈ మార్పుకు స్పష్టమైన ఉదాహరణ.

2. నిబంధన – పదజాలం

సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చినప్పుడు దాని ప్రధానోద్దేశం ఎలక్ట్రానిక్ పత్రాలకూ సంతకాలకూ చట్టబద్ధత కల్పించడం. 2008 డిసెంబరులో, ముంబై ఉగ్రదాడి జరిగిన కొద్ది వారాలకే, పార్లమెంటు విస్తృతమైన సవరణలను ఆమోదించింది. ఆ సవరణలు 2009 అక్టోబరు 27 నుంచి అమలులోకి వచ్చాయి. సెక్షన్ 66ఎ వాటిలో ఒకటి.

ఈ నిబంధనలో మూడు భాగాలున్నాయి. కంప్యూటరు లేదా సమాచార ప్రసార పరికరం ద్వారా తీవ్రంగా నొప్పించే, లేదా బెదిరింపు స్వభావం గల సమాచారాన్ని పంపడం మొదటిది. అబద్ధమని తెలిసి కూడా చికాకు, అసౌకర్యం, ప్రమాదం, ఆటంకం, అవమానం, హాని, నేరపూరిత బెదిరింపు, శత్రుత్వం, ద్వేషం, వైరభావం కలిగించే ఉద్దేశంతో సమాచారాన్ని పదేపదే పంపడం రెండవది. చికాకు లేదా అసౌకర్యం కలిగించడానికి, లేదా పంపినవారి గురించి మోసగించడానికి ఈ-మెయిలు పంపడం మూడవది. వీటికి మూడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరాల కోవలోకి ఇది వచ్చింది.

ఈ జాబితాను భాషాదృష్టితో పరిశీలిస్తే ఒక వైపరీత్యం కనిపిస్తుంది. 'నేరపూరిత బెదిరింపు' అన్నది శిక్షాస్మృతిలో నిర్వచనం ఉన్న పదబంధం. 'చికాకు', 'అసౌకర్యం' అన్నవి నిత్యజీవితపు మాటలు. వీటికి చట్టంలో నిర్వచనం లేదు. ఇరుగుపొరుగు మధ్య మాటపట్టింపు కలిగించే చికాకునూ, సమాజంలో విద్వేషాన్ని రగిలించే ప్రచారాన్నీ ఒకే వాక్యంలో, ఒకే శిక్ష కింద ఈ నిబంధన కూర్చింది. నేర తీవ్రతలోని తారతమ్యాన్ని పదాల వరుసే చెరిపివేసింది.

3. పదజాలం ఎక్కడిది?

సెక్షన్ 66ఎలోని ముఖ్యమైన మాటలు భారతీయ శాసనకర్తలు కొత్తగా కూర్చినవి కావు. బ్రిటన్‌లో 1935 నాటి తపాలా కార్యాలయ సవరణ చట్టంలో, టెలిఫోను ద్వారా తీవ్రంగా నొప్పించే లేదా బెదిరింపుతో కూడిన సందేశాలను పంపడం నేరంగా పేర్కొన్నారు. అదే పదబంధం తరువాతి చట్టాల గుండా ప్రయాణించి 2003 నాటి కమ్యూనికేషన్ల చట్టంలో స్థిరపడింది.

టెలిఫోను ఒకరి నుంచి మరొకరికి చేరే సాధనం. అవతలి వ్యక్తి కోరకుండానే ఆ మాట అతని ఇంట్లోకి వస్తుంది. అందువల్ల ఆ సందర్భంలో వినేవారి మనసుకు రక్షణ కల్పించాలన్న ఆలోచనకు అర్థం ఉంది. సామాజిక మాధ్యమంలో రాసిన అభిప్రాయం అలాంటిది కాదు. అది బహిరంగ సభలో పలికిన మాటకు దగ్గరగా ఉంటుంది. ఇష్టంలేనివారు చదవకుండా పక్కకు తప్పుకోవచ్చు. వ్యక్తిగత సందేశానికి కుట్టిన చొక్కాను బహిరంగ చర్చకు తొడగడం వల్ల సమస్య మొదలైంది.

ఈ పదాల కొలత ఎంత అనిశ్చితమో బ్రిటిష్ న్యాయస్థానాల అనుభవమే చూపింది. ఒక పార్లమెంటు సభ్యుని కార్యాలయానికి జాతివివక్షతో కూడిన ఫోను సందేశాలు పంపిన కేసులో కింది కోర్టు, హైకోర్టు ఆ సందేశాలు 'తీవ్రంగా నొప్పించేవి' కావన్నాయి. 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అవి అటువంటివేనని తేల్చింది. మరో కేసులో, మంచు కారణంగా విమానాశ్రయం మూతపడినందుకు విసుగెత్తిన యువకుడు దాన్ని పేల్చేస్తానని ట్విటర్‌లో పరిహాసంగా రాశాడు. కింది కోర్టులు దాన్ని బెదిరింపుగా భావించి శిక్షించాయి. 2012లో హైకోర్టు అది బెదిరింపు కాదని శిక్షను రద్దు చేసింది. న్యాయశాస్త్రంలో తలపండినవారే ఒకే వాక్యాన్ని పరస్పర విరుద్ధంగా అర్థం చేసుకున్నప్పుడు, సామాన్య పౌరుడు తన మాట నేరమవుతుందో కాదో ముందుగా తెలుసుకోవడం సాధ్యం కాదు. ఈ రెండు కేసులనూ భారత సుప్రీంకోర్టు తన తీర్పులో ఇందుకే ప్రస్తావించింది.

4. అమలు – అరెస్టులు

2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణానంతరం ముంబైలో జనజీవనం స్తంభించడాన్ని ప్రశ్నిస్తూ మహారాష్ట్రలోని పాల్ఘర్‌కు చెందిన యువతి ఫేస్‌బుక్‌లో తన అభిప్రాయం రాసింది. ఆమె స్నేహితురాలు దాన్ని మెచ్చుకుంటూ మీట నొక్కింది. ఇద్దరినీ పోలీసులు అరెస్టు చేశారు. దేశవ్యాప్తంగా నిరసన వ్యక్తమైంది. ఈ నేపథ్యంలోనే శ్రేయా సింఘాల్ సెక్షన్ 66ఎ రాజ్యాంగబద్ధతను ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలు చేశారు.

ఉన్నతాధికారి అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద అరెస్టులు చేయరాదని కేంద్రం 2013 జనవరిలో రాష్ట్రాలకు సూచించింది. అయినా అదే ఏడాది మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో చీరాల శాసనసభ్యుడిపై ఫేస్‌బుక్‌లో వ్యాఖ్యలు చేశారన్న ఆరోపణతో పౌరహక్కుల కార్యకర్త ఒకరు అరెస్టయ్యారు. ఈ అరెస్టు సుప్రీంకోర్టు దృష్టికి వెళ్లడంతో, కేంద్రం ఇచ్చిన సూచనలను పాటించి తీరాలని 2013 మే 16న న్యాయస్థానం ఆదేశించింది. రాజకీయ నాయకులపై విమర్శ, వ్యంగ్యచిత్రాలు, పరిహాసం ఈ సెక్షన్ కిందికి తరచుగా వచ్చాయి. 'చికాకు' ఎవరికి కలిగిందన్న ప్రశ్నకు సమాధానం చాలా సందర్భాల్లో అధికారంలో ఉన్నవారికే అని రావడం గమనార్హం.

5. తీర్పులోని తర్కం

జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ ఆర్.ఎఫ్. నారిమన్‌లతో కూడిన ధర్మాసనం 2015 మార్చి 24న తీర్పు వెలువరించింది. తీర్పును నారిమన్ రాశారు. కృష్ణా జిల్లాకు చెందిన చలమేశ్వర్ విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివినవారు. తీర్పులోని తర్కాన్ని నాలుగు మెట్లుగా గ్రహించవచ్చు.

మొదటిది, మాటలోని మూడు స్థాయిలను వేరు చేయడం. ఒక విషయాన్ని చర్చించడం మొదటి స్థాయి. ఒక పక్షాన్ని సమర్థిస్తూ ప్రచారం చేయడం రెండవ స్థాయి. నేరానికి ప్రేరేపించడం మూడవ స్థాయి. మొదటి రెండూ ఎంత అప్రియమైనవైనా రాజ్యాంగ రక్షణ పొందుతాయి. మాట ప్రేరేపణ స్థాయికి చేరినప్పుడే ఆంక్షకు చోటు ఏర్పడుతుంది. సెక్షన్ 66ఎ ఈ మూడింటినీ ఒకే గాటన కట్టిందని న్యాయస్థానం భావించింది.

రెండవది, రాజ్యాంగంలోని అధికరణం 19(2) పరిధి. ఈ ఉపాధికరణం దేశ సార్వభౌమత్వం – సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహసంబంధాలు, ప్రజాశాంతి, మర్యాద లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపణ అన్న ఎనిమిది అంశాలకు సంబంధించి మాత్రమే సహేతుక ఆంక్షలను అనుమతిస్తుంది. 'చికాకు', 'అసౌకర్యం' ఈ జాబితాలో లేవు. ఒకే వ్యక్తికి పంపిన సందేశానికి కూడా సెక్షన్ 66ఎ వర్తిస్తుంది కనుక దానికి ప్రజాశాంతితో తప్పనిసరి సంబంధం లేదు. పరువుకు భంగం కలగాలన్న షరతు లేదు కనుక అది పరువునష్టం కాదు. తీవ్రంగా నొప్పించే ప్రతి మాటా అశ్లీలం కాదు కనుక నైతికత కిందికీ రాదు. 1950లో 'క్రాస్ రోడ్స్' పత్రికపై మద్రాసు ప్రభుత్వ నిషేధాన్ని రద్దు చేసిన రమేశ్ థాపర్ కేసు నుంచి వస్తున్న న్యాయపరంపరపై ఈ విశ్లేషణ ఆధారపడింది. నాటి మద్రాసు రాష్ట్రంలో కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు కూడా భాగమే. 'ప్రజాశాంతి' అన్న మాట అధికరణం 19(2)లో చేరింది ఆ తీర్పుకు ప్రతిస్పందనగా 1951లో వచ్చిన మొదటి రాజ్యాంగ సవరణతోనే.

మూడవది, అస్పష్టత. నేరాన్ని నిర్వచించే చట్టం పౌరుడికి హెచ్చరికగానూ, అధికారికి హద్దుగానూ పనిచేయాలి. పదం అస్పష్టమైతే ఈ రెండు పనులూ విఫలమవుతాయి. శిక్షపడే మాట ఏదో తెలియనప్పుడు పౌరుడు శిక్షపడని మాటను కూడా మింగేస్తాడు. న్యాయస్థానాలు భావప్రకటనను గడ్డకట్టించే ప్రభావంగా పేర్కొనేది ఈ భయాన్నే.

నాలుగవది, హామీ ప్రశ్న. చట్టాన్ని దుర్వినియోగం చేయబోమని ప్రభుత్వం తరఫున న్యాయస్థానానికి హామీ ఇచ్చారు. ఒక ప్రభుత్వం ఇచ్చిన హామీకి తరువాతి ప్రభుత్వం కట్టుబడి ఉండాల్సిన అవసరం లేదనీ, చట్టం చెల్లుబాటును దాని పదాల ఆధారంగానే నిర్ణయించాలనీ ధర్మాసనం స్పష్టం చేసింది.

అంతర్జాలం ప్రత్యేక మాధ్యమం కాదని మాత్రం న్యాయస్థానం అనలేదు. ఖర్చు లేకుండా, క్షణాల్లో, లక్షలమందిని చేరగల మాధ్యమానికి ప్రత్యేక నేరాలను నిర్వచించే అధికారం శాసనసభకు ఉందని అంగీకరించింది. అయితే మాటలోని విషయంపై ఆంక్ష విధించేటప్పుడు అచ్చుకు వర్తించే రాజ్యాంగ ప్రమాణమే అంతర్జాలానికీ వర్తిస్తుందని తేల్చింది. ఈ తీర్పు సాధించిన సమతౌల్యం ఇదే.

6. మధ్యవర్తి సంస్థల బాధ్యత

ఇదే తీర్పులో మరో రెండు నిబంధనలు పరిశీలనకు వచ్చాయి. ఇతరులు రాసిన దాన్ని మోసే సంస్థలకు సెక్షన్ 79 షరతులతో కూడిన రక్షణ ఇస్తుంది. చట్టవిరుద్ధ విషయం గురించి తెలిసిన తరువాత కూడా తొలగించకపోతే ఆ రక్షణ పోతుంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే చాలు 'తెలిసినట్లే' అని అర్థం చెబితే, సంస్థలు వివాదం ఎందుకని ప్రతిదాన్నీ తొలగిస్తాయి. అందువల్ల 'తెలియడం' అంటే న్యాయస్థానం ఉత్తర్వు లేదా ప్రభుత్వ ప్రకటన ద్వారా తెలియడమేనని న్యాయస్థానం ఆ నిబంధన అర్థాన్ని కుదించింది. 1867 నాటి ముద్రాపకుడి బాధ్యతకూ ఈ సూత్రానికీ మధ్య ఉన్న దూరం గమనించదగినది. ముద్రాపకుడు అచ్చువేసే ముందు చదవగలడు. కోట్లాది సందేశాలను మోసే సంస్థ ప్రతిదాన్నీ ముందుగా చదవలేదు. చదివి తీర్పు చెప్పాలంటే అది ప్రైవేటు న్యాయస్థానంగా మారుతుంది.

వెబ్‌సైట్లను, సందేశాలను నిలిపివేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చే సెక్షన్ 69ఎను మాత్రం న్యాయస్థానం సమర్థించింది. కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి, వాటిని హైకోర్టులో సవాలు చేసే వీలుంది అన్నవి అందుకు ఆధారాలు. కానీ 2009 నాటి నిలిపివేత నియమాల్లోని 16వ నియమం ఆ ఫిర్యాదులనూ చర్యలనూ గోప్యంగా ఉంచాలంటుంది. కారణం తెలియని ఉత్తర్వును సవాలు చేయడం ఎలా అన్న ప్రశ్నను పండితులు తీర్పుపై విమర్శగా లేవనెత్తారు. ఆ విమర్శలో బలం ఉంది.

7. కొట్టివేసిన నిబంధన మిగిలిపోయిన తీరు

తీర్పు వెలువడిన తరువాత కూడా పోలీసు స్టేషన్లలో సెక్షన్ 66ఎ కింద కేసులు నమోదవుతూ వచ్చాయి. 2021లో పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు సమర్పించిన వివరాల ప్రకారం ఆ ఏడాది మార్చి నాటికి 11 రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో 745 కేసులు ఇంకా పెండింగులో ఉన్నాయి. న్యాయస్థానం దిగ్భ్రాంతి వ్యక్తం చేసింది.

దీనికి ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ చెప్పిన కారణం గ్రంథపరిష్కర్తలకు ఆసక్తి కలిగిస్తుంది. చట్టం ప్రతుల్లో సెక్షన్ 66ఎ యథాతథంగా అచ్చవుతూ, అది కొట్టివేయబడిందన్న విషయం అధోజ్ఞాపికలో మాత్రమే ఉంది. ఠాణాలో పుస్తకం తెరిచే అధికారి మూలాన్ని చదువుతాడు, అధోజ్ఞాపికను చదవడు. న్యాయస్థానం చట్టాన్ని చెల్లనిదిగా ప్రకటించగలదు గానీ దాని పాఠాన్ని పుస్తకం నుంచి తుడిచివేయలేదు. ఆ పని శాసనసభది. 2022 అక్టోబరు 12న సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కింద ఎవరినీ విచారించరాదని, పెండింగు కేసుల నుంచి ఆ ప్రస్తావన తొలగించాలని ఆదేశించింది. చివరికి 2023 నాటి జన విశ్వాస్ చట్టం ద్వారా పార్లమెంటు సెక్షన్ 66ఎను చట్టపాఠం నుంచి తొలగించింది. తీర్పు ఉన్నత న్యాయస్థానం నుంచి ఠాణా దాకా నడిచి రావడానికి ఏళ్లు పట్టడం, హక్కుల చర్చలో తీర్పుతోపాటు దాని ప్రసారం కూడా పరిశోధనాంశం కావాలని సూచిస్తుంది.

8. పాత సమస్య – కొత్త పదాలు

2021లో వచ్చిన మధ్యవర్తి సంస్థల నియమాలను 2023 ఏప్రిల్‌లో సవరిస్తూ, కేంద్రప్రభుత్వ వ్యవహారాలకు సంబంధించి 'నకిలీ', 'అబద్ధం', 'తప్పుదారి పట్టించేది' అని గుర్తించే నిజనిర్ధారణ విభాగానికి ప్రభుత్వం వీలు కల్పించింది. బొంబాయి హైకోర్టులో 2024 జనవరి 31న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. మూడవ న్యాయమూర్తి జస్టిస్ ఎ.ఎస్. చందూర్కర్ 2024 సెప్టెంబరు 20న ఆ సవరణ చెల్లదని అభిప్రాయపడ్డారు. నిర్వచనం లేని ఆ మూడు మాటల అస్పష్టత ఆయన చూపిన కారణాల్లో ఒకటి. 'చికాకు' స్థానంలో 'తప్పుదారి' వచ్చింది గానీ ప్రశ్న మారలేదు.

మరోవైపు, సెక్షన్ 66ఎ రద్దు వల్ల అంతర్జాల వేధింపుల బాధితులకు, ముఖ్యంగా మహిళలకు, రక్షణ తగ్గిందన్న వాదన ఉంది. ఈ వాదనను తేలికగా తోసిపుచ్చరాదు. వేధింపు నిజం, దాని గాయం నిజం. అయితే ఏకాంతానికి భంగం కలిగించే చిత్రాలపై సెక్షన్ 66ఇ, అశ్లీల ప్రసారంపై సెక్షన్ 67, వెంబడించి వేధించడంపై శిక్షాస్మృతిలో 2013లో చేరిన సెక్షన్ 354డి, దాని స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 78 ఉన్నాయి. ఇవి మనసు నొచ్చడాన్ని కాక, నిర్దిష్టమైన చర్యను నేరంగా నిర్వచిస్తాయి. ఏది చేస్తే నేరమో చెప్పే చట్టం బాధితురాలికీ మేలు చేస్తుంది. ఎందుకంటే కోర్టులో నిలబడేది అదే.

9. తెలుగు సందర్భం – అధిక్షేప సంప్రదాయం

తెలుగు సాహిత్యంలో అధిక్షేపానికి సుదీర్ఘ సంప్రదాయం ఉంది. వేమన లోకాచారాన్ని నిలదీశాడు. కవి చౌడప్ప మర్యాద హద్దులను దాటి మాట్లాడాడు. కాసుల పురుషోత్తమ కవి 'ఆంధ్రనాయక శతకం'లో నిందాస్తుతితో దైవాన్నే ప్రశ్నించాడు. నొప్పించడం ఈ రచనల స్వభావంలోనే ఉంది. 'తీవ్రంగా నొప్పించేది' అన్న కొలమానాన్ని వీటికి పట్టిస్తే నిలిచేవి కొన్నే.

ఒక తెలుగు వ్యాఖ్యలో వెటకారం, ఎత్తిపొడుపు, నిందాస్తుతి, శాపనార్థం, నిజమైన బెదిరింపు వేర్వేరు వాగ్వ్యాపారాలు. 'నీ సంగతి చూస్తా' అన్న మాట సందర్భాన్ని బట్టి బెదిరింపు కావచ్చు, చనువుతో కూడిన మందలింపు కావచ్చు. వాచ్యార్థానికి మాత్రమే అలవాటుపడిన దర్యాప్తు గానీ, యంత్రానువాదం మీద ఆధారపడిన తొలగింపు వ్యవస్థ గానీ ఈ తేడాను పట్టలేవు. అలంకారశాస్త్రం వ్యంగ్యార్థానికి వక్తృ, బోద్ధవ్య, ప్రకరణాదులను ఆధారంగా చెప్పింది. మాట నేరమా కాదా అని తేల్చేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు కూడా దాదాపు ఇవే: ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో పలికారు, దానివల్ల సన్నిహితంగా జరగబోయే హాని ఏమిటి? ఈ దిశగా తెలుగు భాషాశాస్త్ర, సాహిత్య పరిశోధకులు న్యాయశాస్త్రానికి చేయగల దోహదం గణనీయమైనది.

10. ముగింపు

సెక్షన్ 66ఎ ఉదంతం నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, కొత్త సాంకేతికతకు పాత సాధనం కోసం రాసిన పదాలను అతికించడం ప్రమాదకరం. రెండు, నేర నిర్వచనంలోని అస్పష్టత అందరినీ సమానంగా తాకదు. ఆ ఖాళీని నింపే అధికారం ఉన్నవారికి అది ఆయుధమవుతుంది. మూడు, హక్కును ప్రకటించే తీర్పు వెలువడటంతో పని ముగియదు. అది చట్టపు ప్రతిలోకి, శిక్షణలోకి, ఠాణా అలవాటులోకి చేరినప్పుడే హక్కు పౌరుడికి అందుతుంది. అంతర్జాల నియంత్రణ కోసం రానున్న ప్రతి నిబంధననూ దాని ఉద్దేశంతో కాక, దానిలోని పదాలు ఎవరి చేతిలో ఏమి చేయగలవన్న దృష్టితో పరీక్షించవలసిన అవసరాన్ని ఈ అనుభవం స్పష్టం చేస్తోంది.